ఆ సొమ్ము ఎవరిది? కువైట్ యుద్ధం, ఆంక్షలు, అంతర్జాతీయ న్యాయం

సుమారు పాతికేళ్ల క్రితం మాట. అప్పటికి నేను ఆలిమ్ కోర్సు పూర్తి చేసి, మదరసాలో బోధన ప్రారంభించి కొద్ది సంవత్సరాలే అయ్యింది. ఒకనాడు అస్ర్ నమాజ్ ముగిసిన తరువాత మా మొహల్లాకు చెందిన ఒక పెద్దాయన మసీదు వరండాలో నా పక్కన వచ్చి కూర్చున్నారు. మేమంతా ఆయనను చాచా అనే పిలిచేవాళ్లం. కడప జిల్లాలోని ఎన్నో కుటుంబాల లాగే వారిదీ కువైట్ సంపాదన మీద నిలబడిన కుటుంబం. తొమ్మిదేళ్లు అక్కడ ఒక ఇంటి డ్రైవరుగా పనిచేశారు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడిన తరువాత, రావలసిన నాలుగు నెలల జీతం వదులుకొని, బస్రా, బాగ్దాద్‌ల మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, ఎడారిలో డేరాల కింద పన్నెండు రోజులు గడిపి, అమ్మాన్ నుండి విమానంలో బొంబాయి చేరుకున్నారు. ఇంటికి వచ్చేసరికి చేతిలో మిగిలింది ఒక రెగ్జిన్ సంచి.

ఆనాడు ఆ సంచిలో నుండే బ్యాంకు కాగితం తీసి నాకు చూపించారు. 2,500 డాలర్లు. అప్పటి లెక్కన లక్ష రూపాయలకు కాస్త అటూ ఇటూ.

“మౌల్వీ సాబ్, ఇది ఐక్యరాజ్యసమితి ఇప్పించిందట. కానీ ఇరాక్ అమ్ముకునే పెట్రోలులో నుండి కోసి మాకిస్తున్నారని రేడియోలో విన్నాను. అక్కడ పిల్లలకు పాలు లేవు, మందులు లేవు అంటున్నారు. ఈ సొమ్ము నాకు హలాలేనా?”

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు గడువు అడిగాను. కితాబులు తిరగవేసి జవాబైతే చెప్పాను గానీ, ఆ ప్రశ్న వెనుక ఉన్న విషయమంతా అర్థం చేసుకోవడానికి నాకు చాలా సంవత్సరాలు పట్టింది. గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంటికీ సంబంధించిన విషయమే గనుక దానిని ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ముందుగా మొదటి ప్రశ్న. ఒక దేశం మరొక దేశం మీద దండెత్తడానికి హక్కు ఉన్నదా?

ఒకప్పుడు ఉండేది. యూరపు రాజుల కాలంలో యుద్ధం చేయడం రాజ్యానికి ఉన్న సహజమైన అధికారాలలో ఒకటిగా చెలామణి అయ్యేది. మొదటి ప్రపంచ యుద్ధం మిగిల్చిన శవాల గుట్టలను చూసిన తరువాత, 1928లో పారిస్ నగరంలో అనేక దేశాలు కలిసి, తగాదాల పరిష్కారానికి యుద్ధాన్ని సాధనంగా వాడబోమని ఒప్పందం రాసుకున్నాయి. ఆ ఒప్పందం రెండో ప్రపంచ యుద్ధాన్ని ఆపలేకపోయింది. అయినా అందులోని భావం చావలేదు. 1945 జూన్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో సంతకాలు జరిగిన ఐక్యరాజ్యసమితి నియమావళి, రెండో అధికరణం నాలుగో క్లాజులో దానినే మరింత గట్టిగా రాసింది. ఏ సభ్యదేశమూ మరో దేశపు భూభాగ సమగ్రతకు గానీ, రాజకీయ స్వాతంత్ర్యానికి గానీ విరుద్ధంగా బలప్రయోగం చేయరాదు, చేస్తామని బెదిరించనూ రాదు. ఆ వాక్యంలో యుద్ధం అనే మాట లేదని గమనించండి. మేము యుద్ధం ప్రకటించలేదు, కేవలం సైనిక చర్య తీసుకున్నాం అనే సాకుకు అక్కడ తావు లేదు.

ఈ నిషేధానికి నియమావళి రెండే మినహాయింపులు ఇచ్చింది. సాయుధ దాడికి గురైన దేశం తనను తాను రక్షించుకోవచ్చు, దాని మిత్రులు సహాయపడవచ్చు. ఇది 51వ అధికరణం. అయితే తీసుకున్న చర్యలను వెంటనే భద్రతా మండలికి తెలియజేయాలి. మండలి రంగంలోకి దిగి శాంతిని నిలబెట్టేంతవరకే ఈ హక్కు. రెండోది, ప్రపంచ శాంతికి ముప్పు ఏర్పడిందని తేల్చిన మీదట భద్రతా మండలి స్వయంగా అనుమతించే బలప్రయోగం. దీనికి ముందు మెట్టుగా 41వ అధికరణం కింద వర్తక నిషేధం వంటి ఆయుధం లేని చర్యలు, అవి చాలకపోతే 42వ అధికరణం కింద సైన్యం.

1990 ఆగస్టు 2న కువైట్‌లో జరిగింది ఈ తూకంలో వేసి చూస్తే సందేహానికి చోటే లేదు. చమురు ధరల మీద, అప్పుల మీద, సరిహద్దు బావుల మీద ఇరాక్‌కు ఫిర్యాదులు ఉండవచ్చు. ఫిర్యాదు ఉండటం వేరు, పొరుగువాని ఇంటిని ఆక్రమించి నాదే అనడం వేరు. అదేరోజు భద్రతా మండలి 660వ తీర్మానంతో వెనుదిరగమని ఆదేశించింది. ఆగస్టు 6న 661వ తీర్మానంతో ఇరాక్‌తోనూ, ఆక్రమిత కువైట్‌తోనూ వర్తకాన్ని నిషేధించింది. ఇరాక్ కువైట్‌ను తనలో కలిపేసుకున్నట్లు ప్రకటించగా, ఆ విలీనం చెల్లదని 662వ తీర్మానం చెప్పింది. చివరకు నవంబరు 29న 678వ తీర్మానం వచ్చింది. 1991 జనవరి 15 లోపు ఇరాక్ వైదొలగకపోతే, అవసరమైన అన్ని మార్గాలనూ వాడవచ్చని కువైట్‌కు సహకరిస్తున్న దేశాలకు అనుమతి ఇచ్చింది. అనుకూలంగా 12 ఓట్లు, వ్యతిరేకంగా క్యూబా, యెమెన్. చైనా తటస్థం. పేద దేశమైన యెమెన్ తన అభిప్రాయం ప్రకారం ఓటు వేసినందుకు అమెరికా సహాయాన్ని కోల్పోయింది. చట్టం ప్రకారం ప్రతి ఓటూ స్వేచ్ఛగా వేయవలసిందే, కానీ ఆ ఓటుకు ఎవరు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో నియమావళిలో రాసి ఉండదు.

జనవరి 17న మొదలైన యుద్ధం ఫిబ్రవరి 28న ఆగింది. కువైట్ విముక్తమైంది.

ఇప్పుడు రెండో ప్రశ్న. యుద్ధానికి కారణం న్యాయమైనదైతే, యుద్ధంలో ఏమి చేసినా న్యాయమేనా?

కాదు. అంతర్జాతీయ న్యాయం ఈ రెండు ప్రశ్నలను రెండు వేర్వేరు పెట్టెలలో ఉంచుతుంది. ఎందుకు యుద్ధం చేస్తున్నావన్నది ఒకటి, ఎలా చేస్తున్నావన్నది మరొకటి. మొదటిదానిలో నిర్దోషివైనా రెండోదానిలో దోషివి కావచ్చు. దురాక్రమణ చేసిన దేశపు సైనికుడైనా గాయపడి లొంగిపోతే అతనికి రక్షణ ఉంటుంది. 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాల సారాంశం ఇదే. గాయపడినవారు, నౌకాభంగమైన సైనికులు, యుద్ధఖైదీలు, పౌరులు అన్న నాలుగు వర్గాలకు అవి నాలుగు. ప్రపంచంలోని దేశాలన్నీ వాటిని ఆమోదించాయి.

మదరసాలో హిదాయా చదివినవారికి ఈ విభజన కొత్తేమీ కాదు. అందులోని కితాబుస్సియర్ ఈ విషయానికి కేటాయించినదే. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) శిష్యులు ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ షైబానీ (రహ్మ) హిజ్రీ 189లో, అంటే క్రీ.శ. 805లో మరణించారు. దేశాల మధ్య యుద్ధం, సంధి, వర్తకం, దూతల రక్షణ మీద వారు సియర్ పేరిట ప్రత్యేక గ్రంథాలే రచించారు. యూరపు వారు అంతర్జాతీయ న్యాయశాస్త్రానికి పితామహునిగా పిలుచుకునే హ్యూగో గ్రోషియస్ తన గ్రంథాన్ని 1625లో వెలువరించాడు. నడుమ ఎనిమిది శతాబ్దాల ఎడం. ఈ సంగతిని ఆధునిక లోకానికి సప్రమాణంగా చూపినవారిలో అగ్రగణ్యుడు మన హైదరాబాదులో 1908లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయం బోధించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (రహ్మ). అయితే మనవాళ్లు ముందే చెప్పారు అని మురిసిపోయి పుస్తకం మూసేయడం మన విద్యార్థులకు ఉన్న ఒక జబ్బు. ముందే చెప్పారన్నది నిజమే. మరి మన పేర్లు పెట్టుకున్న పాలకులు దానిని పాటించారా అన్నది కూడా అదే తరగతిలో అడగవలసిన ప్రశ్న.

కువైట్‌ను ఆక్రమించిన సద్దాం ప్రభుత్వం, విదేశీయులను నిర్బంధించి, వారిలో కొందరిని బాంబులు పడగల స్థావరాల వద్ద కవచాలుగా ఉంచింది. తిరిగి వెళుతూ 600కు పైగా చమురు బావులకు నిప్పంటించింది. ఆ పొగకు పట్టపగలే చీకటి కమ్మింది. ఇవన్నీ యుద్ధనియమాల ఉల్లంఘనలే. మరోవైపు 1991 ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని ఆమిరియా ఆశ్రయం మీద అమెరికా విమానాలు వేసిన బాంబులకు 400 మందికి పైగా పౌరులు మరణించారు. లోపల నిద్రిస్తున్నది ఎక్కువగా స్త్రీలు, పిల్లలు. అది సైనిక కేంద్రమని భావించామని అమెరికా చెప్పింది. భావించడానికి ముందు ఎంత విచారించారన్నదే ఇక్కడ చట్టం అడిగే ప్రశ్న. లక్ష్యం సైనికమైనదా కాదా అని నిర్ధారించుకోవాలి, పౌరులకు కలిగే నష్టం సైనిక ప్రయోజనాన్ని మించకూడదు. కువైట్‌ను విడిపించడం న్యాయమైన పనే కావడం వల్ల ఆ ప్రశ్న రద్దు కాదు.

ఇక వర్తకం. చాచా ప్రశ్న పుట్టింది ఇక్కడి నుండే.

ఆంక్షలను చాలామంది యుద్ధానికి బదులుగా వాడే మెత్తని మార్గం అనుకుంటారు. తుపాకీ పేలదు గనుక అలా అనిపిస్తుంది. 661వ తీర్మానం మందులను నిషేధం నుండి మినహాయించింది. ఆహారాన్ని మాత్రం మానవతా పరిస్థితులలోనే అనుమతించింది. ఆ పరిస్థితి ఎప్పుడు వచ్చిందో తేల్చవలసింది మండలి నియమించిన కమిటీ. దీని బరువు మొదట తెలిసింది మనవారికే. ఆ సంక్షోభంలో సుమారు 1,70,000 మంది భారతీయులు స్వదేశానికి చేరారు, కానీ ఆ తరలింపు పూర్తికాకముందే కువైట్‌లో చిక్కుకున్నవారికి తిండి కరువైంది. భారతదేశం ఆహారం పంపుతానంటే దానికీ కమిటీ అనుమతి కావలసి వచ్చింది. సెప్టెంబరులో 666వ తీర్మానం వచ్చిన తరువాతే విశ్వసిద్ధి అనే మన నౌక ఆహారధాన్యాలతో బయలుదేరగలిగింది. ఆ నెలలో కువైట్‌లోనే ఉన్న చాచా, ఒక ఖుబ్జ్ రొట్టెను ముగ్గురు పంచుకున్న రోజులను ఎన్నోసార్లు చెప్పేవారు.

యుద్ధం ముగిసినా ఆంక్షలు ముగియలేదు. పదమూడేళ్లు సాగాయి. చమురు అమ్మి ఆహారం కొనుక్కోవడానికి అనుమతించే 986వ తీర్మానం 1995లో వచ్చింది. షరతుల మీద ఇరాక్‌కూ, సమితికీ ఒప్పందం కుదరడానికి మరో ఏడాది గడిచింది. దాని కింద మొదటి ఆహారం ఇరాక్ చేరింది 1997లో. ఈ కాలంలో చనిపోయిన పిల్లల సంఖ్య గురించి ఆనాడు మన పత్రికలలోనూ ప్రచురితమైన లక్షల లెక్కలు తరువాతి సర్వేలలో నిలబడలేదు. మనకు అనుకూలమైన సంఖ్య అయినా సరే, రుజువు కానిదాన్ని వదిలివేయాలి. కానీ ఆకలి, మందుల కొరత, పాడైన నీటి శుద్ధి కేంద్రాలు కల్పితాలు కావు. ఆ కార్యక్రమాన్ని బాగ్దాద్‌లో నడిపించిన సమితి అధికారులు ఇద్దరు, 1998లో డెనిస్ హాలిడే, 2000లో హాన్స్ ఫాన్ స్పోనెక్, ఈ విధానాన్ని నిరసిస్తూ రాజీనామా చేశారు.

ఈ సందర్భంలో సుమామా బిన్ ఉసాల్ (రజి) వృత్తాంతం గుర్తుకు రాక మానదు. యమామా ప్రాంతపు నాయకుడైన ఆయన ఇస్లాం స్వీకరించి మక్కా వెళ్లినప్పుడు, దైవప్రవక్త (స) అనుమతి లేనిదే యమామా నుండి ఒక్క గోధుమ గింజ కూడా మీకు రాదని ఖురైషులకు తెగేసి చెప్పారు. మక్కా ధాన్యానికి యమామా మీద ఆధారపడిన పట్టణం. అక్కడి వారు అల్లాడి, బంధుత్వాన్ని గుర్తుచేస్తూ ప్రవక్త (స)కు లేఖ రాశారు. వారింకా శత్రువులే. అయినా ధాన్యం వెళ్లనివ్వమని ఆయన (స) సుమామాకు ఆదేశం పంపారు. హిదాయా కర్త ఈ సంఘటన మీద ఒక శాసనాన్నే నిలబెట్టారు. యుద్ధంలో ఉన్న శత్రువుకు ఆయుధాలు, ఆయుధాలకు పనికివచ్చే ఇనుము అమ్మకూడదు. తర్కం ప్రకారం చూస్తే ఆహారం, వస్త్రం కూడా శత్రువుకు బలం చేకూర్చేవే గనుక వాటినీ నిషేధించాలి. కానీ సుమామాకు ఇచ్చిన ఆదేశం ఉన్నందున ఇక్కడ తర్కాన్ని పక్కన పెట్టాం అంటారు ఆయన. ఏటా ఈ భాగం పాఠం చెబుతున్నప్పుడు నాకు 661వ తీర్మానం కళ్ల ముందు మెదులుతుంది. ఆయుధాలనూ అన్నాన్నీ ఒకే గాటన కట్టి, అన్నానికి మళ్లీ అనుమతి అడగమనడమే దానిలోని దోషమని నా అభిప్రాయం.

మామూలు రోజులలో దేశాల వర్తకానికి వేరే చట్టం ఉంది. భారతదేశం మొదటి నుండీ సభ్యురాలైన 1947 నాటి గ్యాట్ ఒప్పందం, 1995లో దాని మీద ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ, ఒక దేశపు సరుకుకూ మరో దేశపు సరుకుకూ భేదం చూపవద్దంటాయి. అయితే గ్యాట్ 21వ అధికరణం జాతీయ భద్రత పేరిట తలుపు కొంత తెరిచి ఉంచింది. ఆ తలుపులో నుండి ఎవరైనా ఏదైనా తీసుకుపోవచ్చా అంటే, కుదరదని 2019లో రష్యా, ఉక్రెయిన్‌ల రవాణా తగాదాలో ఆ సంస్థ నియమించిన ప్యానెల్ చెప్పింది. భద్రతా కారణం నిజంగా ఉందా లేదా అన్నది మూడోవారు పరిశీలించవచ్చు. మరో తేడా కూడా తెలుసుకోవాలి. భద్రతా మండలి విధించే ఆంక్షలకు అన్ని దేశాలూ కట్టుబడాలి. ఒక్క దేశం తనంతట తాను విధించే ఆంక్షలకు ఇతరులు చట్టప్రకారం కట్టుబడనవసరం లేదు. కానీ డాలరు, బ్యాంకులు ఎవరి చేతిలో ఉన్నాయో వారి మాట చెల్లుతుంది. 2019 మే నుండి మన దేశం ఇరాన్ చమురు కొనడం ఆపివేసింది ఏ మండలి తీర్మానం వల్లా కాదు, అమెరికా ఆంక్షల భయం వల్ల.

ఇక్కడికి వచ్చేసరికి తరగతిలో ఎవరో ఒక విద్యార్థి లేచి తప్పకుండా అడుగుతాడు. “హజ్రత్, 2003లో అమెరికా ఇరాక్ మీద పడినప్పుడు ఈ చట్టం ఎక్కడికి పోయింది?” న్యాయమైన ప్రశ్నే. ఆనాడు భద్రతా మండలి కొత్తగా అనుమతి ఇవ్వలేదు. పాత తీర్మానాలే చాలునని అమెరికా, బ్రిటన్ వాదించాయి. అది నియమావళికి అనుగుణం కాదని, అక్రమమని మరుసటి ఏడాది సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ స్వయంగా అన్నారు. ఎవరికీ శిక్ష పడలేదు. మండలిలో అయిదు దేశాలకు వీటో ఉన్నంతవరకు ఆ అయిదింటి మీదా, వాటి ఆప్తుల మీదా చర్య తీసుకోవడం దాదాపు అసాధ్యం. దీనిని దాచవలసిన పని లేదు.

కానీ నేను ఆ విద్యార్థిని తిరిగి ఒకటి అడుగుతాను. ఊరి కాజీ బలహీనుడై, బలవంతుడైన దొంగను పట్టుకోలేకపోతే దొంగతనం హలాల్ అవుతుందా? హుకుమ్ వేరు, దాని అమలు వేరు. అమలు లేనందుకు హుకుమే లేదన్నవాడు చివరకు దొంగ పక్షాన నిలబడతాడు. 2003 దాడిని అక్రమం అని మనం అనగలుగుతున్నామంటే, అనడానికి ఒక కొలబద్ద ఉన్నందువల్లనే. ఆ కొలబద్ద 1990లో మన చాచాకు పనికివచ్చింది కూడా.

ఎలాగంటే, 1991 ఏప్రిల్ నాటి 687వ తీర్మానం, ఆక్రమణ వల్ల నేరుగా కలిగిన ప్రతి నష్టానికీ ఇరాక్ బాధ్యత వహించాలని తేల్చింది. దాని అమలుకు జెనీవాలో నష్టపరిహార కమిషన్ ఏర్పడింది. యుద్ధ పరిహారం అంటే అంతకు పూర్వం ఓడిన ప్రభుత్వం గెలిచిన ప్రభుత్వానికి కట్టే కప్పమే. ఈసారి ప్రభుత్వాలను, పెద్ద కంపెనీలను వెనుక నిలబెట్టి, పొట్టకూటికి వెళ్లి నష్టపోయిన వ్యక్తులకు ముందు చెల్లించారు. ఇరాక్ నుండో కువైట్ నుండో వెళ్లిపోవలసి వచ్చినవారికి ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. మరే ఇతర నష్టమూ అడగబోమని రాసి ఇచ్చినవారికి 4,000, 8,000. సుమారు 27 లక్షల దరఖాస్తులు వచ్చాయి. సుమారు 15 లక్షల మందికి మొత్తం 5,240 కోట్ల డాలర్ల పరిహారం మంజూరైంది. చివరి వాయిదా చెల్లింపు జరిగింది 2022 జనవరిలో.

ఆ డబ్బు వచ్చిన దారి మాత్రం చాచా రేడియోలో విన్నదే. ఆహారం కోసం అమ్మనిచ్చిన చమురులో ప్రతి 100 డాలర్లకు 30 డాలర్లు ఈ పరిహారానికే కోతపడేవి.

రెండు రోజుల తరువాత నేను ఆయనకు చెప్పిన జవాబు ఇది. “చాచా, ఒకరి సొత్తును ధ్వంసం చేసినవాడు దానికి జమానత్ పడాలి. అది రాజ్యమైతే ఖజానా నుండి చెల్లించాలి. మీ నాలుగు నెలల జీతం, తొమ్మిదేళ్లు కూడబెట్టిన సామాను పోయింది ఆ రాజ్యం చేసిన జుల్మ్ వల్ల. కాబట్టి మీ హక్కు మీదే, సొమ్ము హలాలే. అయితే దివాలా తీసిన రుణగ్రస్తుని నుండి అతని ఆలుబిడ్డల తిండి, బట్ట కూడా లాక్కోకూడదన్నది మన ధర్మశాస్త్ర నియమం. ఇబ్బందిలో ఉన్నవానికి గడువు ఇవ్వాలన్నది బఖరా సూరాలోని ఆదేశం. పిల్లలు ఆకలితో ఉండగా నూటికి ముప్పై కోయడం వసూలు చేసేవారి తప్పు. ఆ తప్పు మీ మెడకు చుట్టుకోదు.”

ఆ జవాబు సరైనదేనని ఇప్పటికీ నా నమ్మకం. తరువాత మండలి కూడా ఆ వాటాను 2000లో 25కు, 2003లో 5కు తగ్గించింది.

చాచా చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నా కలం అడిగి తీసుకొని, బ్యాంకు కవరు వెనుక పోయిన జీతం, టేప్ రికార్డరు, చాచీ కోసం కొన్న కుట్టుమిషను, దుప్పట్లు, అన్నింటి ధరలూ దినార్లలో రాసి కూడారు. లెక్క 2,500 డాలర్లకు పైనే తేలింది. కవరు జేబులో పెట్టుకొని లేచారు. మిగిలిన వాయిదా మరి కొంతకాలానికి వచ్చింది.

ఆయన వెంట వచ్చినవారిలో ఇద్దరికి ఏమీ రాలేదు. దారిలో కాగితాలు పోగొట్టుకున్నారు, ఆనాడు కువైట్‌లో ఉన్నామని, ఫలానా తేదీన బయలుదేరామని చూపలేకపోయారు. చాచా సంచిలో అకామా ముద్ర ఉన్న పాస్‌పోర్టు, బతాకా, యజమాని సంతకంతో ఉన్న పని ఒప్పందం, జోర్డాన్ సరిహద్దులో వేసిన ప్రవేశ ముద్ర, అన్నీ భద్రంగా ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయనను కరుణించుగాక. రెండో కుమారుడు కువైట్‌లోనే డ్రైవరుగా ఉన్నాడు. అతని కాగితాల జిరాక్సులు ఒక కట్ట, అదే రెగ్జిన్ సంచిలో, చాచీ బీరువాలో ఉన్నాయి.